కుడి తెర మర్యాద

వెదుళ్ళపట్నం మునిసిపాలిటీలో ఒక్కో కంప్యూటరుకి రెండేసి తెరలు పెట్టించిన రోజున అందరికన్నా ఎక్కువ సంబరపడ్డ మనిషి నీటి విభాగం సీనియర్ అసిస్టెంటు దమయంతి. పడదూ మరి! అన్నాళ్ళూ ఆవిడ ఒకే తెర మీద ఇరుకింటి కాపురం చేసింది. కుళాయిల వాల్వులు తెరిచే ప్రోగ్రామూ, ఆఫీసు సందేశాలొచ్చే ప్రోగ్రామూ తోడికోడళ్ళలా ఒకదాన్నొకటి తోసుకుంటుంటే మధ్యలో ఆవిడ నలిగింది. ఇప్పుడా బాధ తీరింది. కుడి తెర మీద నీళ్ళు, ఎడమ తెర మీద సందేశాలు. ఎవరి దారి వారిది.

నీళ్ళ సంగతి కాస్త చెప్పుకోవాలి, ఈ గొడవంతా వాటి కోసమే కాబట్టి. ఊళ్ళో మెరకవీధి అని ఒకటుంది. పేరుకు తగ్గట్టు ఎత్తు మీద ఉంటుంది. మిగతా వీధుల వాల్వులు పొద్దున ఆరున్నరకి వాటంతట అవే తెరుచుకుంటాయి. మెరకవీధిది మాత్రం అంతకు ఓ అరగంట ముందే ఎవరో ఒకరు కూర్చుని తెరవాలి. లేకపోతే పల్లపు వీధులన్నీ గటగటా తాగేసి, మెరకవీధి కుళాయిల్లో గాలి మిగులుతుంది. దమయంతి కాపురం ఆ వీధిలోనే. తెల్లారగట్లే ఆఫీసుకొచ్చి ఆవిడ ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఇంటింటా బిందెలు మోగేవి. ఆడవాళ్ళు "దమయంతి నొక్కిందర్రా!" అని ఒకరినొకరు కేకేసుకునేవారు. అత్తగారు మాణిక్యాంబకి కోడలి వంట నచ్చదు, నడక నచ్చదు, నవ్వు అసలే నచ్చదు. నీళ్ళ దగ్గర మాత్రం నోరెత్తేది కాదు.

ఈ హాయి వారం కూడా నిలవలేదు.

కొత్తగా వచ్చిన కమిషనరు గరుడాచలం గారు మంచివారే. లంచం పుచ్చుకోరు, కేకలెయ్యరు, పని కూడా చెయ్యరు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, మర్యాద. ఎక్కడో నగరంలో 'డిజిటల్ సంస్కారం' అనే శిక్షణ పొంది, ఆ పట్టాకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నారు. రోజూ పడుకోబోయే ముందు సిబ్బంది అందరికీ ఒక సూక్తి పంపుతారు. దాన్ని ఎవరెంత భక్తిగా తెరుస్తున్నారో చూద్దామని ఒకరోజు ఆఫీసులో కుర్చీల వెనక నిలబడి తనిఖీ మొదలుపెట్టారు. అలా దమయంతి కుర్చీ వెనక్కి వచ్చేసరికి ఆవిడ సూక్తి తెరిచింది. "సమయపాలనే సంస్థకు శ్వాస" అని ఎడమ తెర మీద వెలిగింది.

"ఇది ఎవరి సందేశమమ్మా?" అన్నారు కమిషనరు.

దమయంతి ఉలిక్కిపడి లేచి నిలబడింది. "తమరిదేనండి."

"ఏ పక్కన తెరుచుకుంది?"

"ఎడం పక్కనండి."

"మరి కుడి పక్కన ఎవరున్నారు?"

"మంచినీళ్ళండి."

కమిషనరు గారి మొహం కందగడ్డ అయింది. అయినా గొంతు పెంచలేదు, మర్యాదస్తుడు కదా. "మీ ఇంటికి పెద్దమనిషి వస్తే తాంబూలం ఏ చేత్తో ఇస్తారమ్మా?" అని మెత్తగా అడిగారు.

"కుడి చేత్తోనండి."

"మరి నన్ను ఎడం చేత్తో పుచ్చుకున్నారే!"

తెరలకి చేతులుంటాయని దమయంతికి అప్పటిదాకా తెలియదు. సాయంత్రానికల్లా సర్క్యులరు దిగింది.

"ఉన్నతాధికారుల నుండి వెలువడు ఉత్తర్వులు, సూక్తులు, శుభాకాంక్షలు యావత్తూ కుడి తెరపైననే తెరుచుకొనవలెను. నీరు, మురుగు, దోమలు, కుక్కలు ఇత్యాది ప్రజాసంబంధ అంశములు ఎడమ తెరపై తెరుచుకొనవలెను. కుడి తెరపై ఉన్నవారికి సమాధానమిచ్చి, అది స్వీకరింపబడునంతవరకు ఎడమ తెరపై చేయి వేయరాదు. అతిక్రమణ మర్యాదాలోపముగా పరిగణింపబడును."

మొదటి రెండు వాక్యాలూ చదివి అందరూ నవ్వుకున్నారు. మూడో వాక్యం దగ్గర దమయంతి నవ్వు ఆగిపోయింది. తెల్లారగట్ల ఆవిడ వచ్చేసరికి కుడి తెర మీద సూక్తి ఉంటుంది. దానికి "ధన్యోస్మి" అని సమాధానం కొట్టాలి. కమిషనరు గారు అది చూసి "స్వీకరించితిమి" అనాలి. ఆయన నిద్ర లేచేది ఏడున్నరకి. అప్పటికి పల్లపు వాల్వులు తెరుచుకుని గంట అవుతుంది.

మర్నాడు మెరకవీధి కుళాయిలు ఈలలు వేశాయి. ఆ మర్నాడు ఈల కూడా వెయ్యలేదు.

"ఏంటే అమ్మాయ్, నొక్కడం మర్చిపోయావా?" అంది మాణిక్యాంబ, ఖాళీ బిందె గుమ్మంలో బోర్లించి.

"మర్చిపోలేదత్తయ్యా. నీళ్ళని ఎడం తెర మీదికి మార్చారు. కుడి తెర మీద కమిషనరు గారున్నంతసేపూ దాన్ని ముట్టుకోకూడదట."

"కుడి తెరేంటే, ఎడం తెరేంటే! గొంతు తడవడానికి కూడా ముహూర్తమా? ఆయనింట్లో నీళ్ళు ఏ చేత్తో తాగుతాడో అడక్కపోయావా?"

"మీరొచ్చి అడగండి."

"నా కాళ్ళు బాగుంటే అడిగేదాన్నే" అని మాణిక్యాంబ మెట్టు మీద చతికిలబడింది.

ఇక్కడితో ఆగితే అది ప్రభుత్వ ఆఫీసు ఎందుకవుతుంది? చిక్కు కంప్యూటరు దగ్గరే వచ్చింది. దానికి కమిషనరన్నా భయం లేదు, సర్క్యులరన్నా భయం లేదు. కొన్ని బల్లల మీద సూక్తి మళ్ళీ మళ్ళీ ఎడమ వైపే తెరుచుకునేది. కంప్యూటర్లు బాగుచేసే ఇమ్మానియేలుని పిలిపించారు. అతను తెరల వైపు కాసేపు చూసి తల గోక్కున్నాడు.

"ఏ తెర మీద మూస్తే మళ్ళీ ఆ తెర మీదే తెరుచుకుంటాయండి. కొన్ని ప్రోగ్రాముల నైజం అంతేనండి."

"అంటే, తెరవడంలో మర్యాద మూయడంలో ఉందన్నమాట!" అన్నారు కమిషనరు. ఆయన కళ్ళు మెరిశాయి. అలాంటి వాక్యం తట్టినప్పుడల్లా ఊరికి ఏదో ఒకటి మూడేది.

ఆ రోజు నుంచీ సాయంత్రం ఆఫీసు కట్టేసే ముందు 'సామూహిక మూసివేత' అనే కార్యక్రమం మొదలైంది. గంట కొట్టగానే అందరూ లేచి నిలబడాలి. కమిషనరు గారి సందేశాన్ని మౌసు అనే ఆ ఎలుకతో పట్టుకుని మెల్లగా కుడి తెర మీదికి ఈడ్చుకెళ్ళాలి. అక్కడ మధ్యలో నిలిపి, వంగి, మూయాలి. నీళ్ళనీ దోమల్నీ కుక్కల్నీ ఎడమ తెర మీద మూసేయాలి. ఈడ్చేటప్పుడు సందేశం రెండు తెరల మధ్య సగం ఇటూ సగం అటూ అయితే అది కమిషనరు గారిని నడిమికి చీల్చినట్టు. అలా చీల్చిన ఒక గుమాస్తాకి మెమో ఇచ్చారు కూడా.

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి కంప్యూటర్లకి మతి పోయింది. కమిషనరు గారు ఎడమ తెర మీద, పిచ్చికుక్కల ఫిర్యాదుకి ఆనుకుని తెరుచుకున్నారు. ఆయన అగ్గిమీద గుగ్గిలమై విద్యుత్తు శాఖకి సంజాయిషీ నోటీసు పంపారు. అక్కడా మన వాళ్ళే ఉంటారు కదా, మూడు పేజీల జవాబు వచ్చింది. "విద్యుత్తు కుడి ఎడమలు ఎరుగదు. కావున ఈ విషయమున వివరణ ఇవ్వజాలమని సవినయముగా తెలియజేయడమైనది" అన్నది దాని సారాంశం.

ఇంతలో ఇంకో తంటా పుట్టింది. ఇంజనీరు గారూ, ఆరోగ్యాధికారి గారూ ఒకే హోదా వాళ్ళు. ఇద్దరి సందేశాలూ కుడి తెర మీదే, పక్కపక్కన తెరుచుకునేవి. ఇంజనీరు గారి కన్ను ఒకరోజు దాని మీద పడింది.

"అదేంటండీ, కుడి తెరలో కుడి సగం ఆయనకీ, ఎడం సగం నాకూనా? డ్రైనేజీలో దోమల్ని లెక్కపెట్టేవాడు నాకు కుడి పక్కనా?"

"నన్ను జరగమంటున్నారా? నా సర్వీసు చూసి మాట్లాడమనండి!" అన్నారు ఆరోగ్యాధికారి గారు గోడవతల నుంచి.

కమిషనరు గారు ఇద్దరినీ నొప్పించలేరు. ఇంజనీరు గారి కోసం మూడో తెర తెప్పించి, కుడి పక్కన పెట్టించారు. మరి ఇంజనీరు కుడి చివర ఉంటే కమిషనరు ఎక్కడుండాలి? నాలుగో తెర వచ్చింది. అది చూసి ప్రణాళికాధికారి అలిగారు. పన్నుల అధికారి సెలవు పెట్టారు. మేనేజరు గారు ఏమీ అనలేదు, అన్నం మానేశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నట్టు, కుడికి కుడి, దానికి ఇంకో కుడి. ఎవరికి తెర ఇచ్చినా కమిషనరు గారు వాళ్ళకి అవతల జరగాలి. నీళ్ళు మాత్రం ఎడమ చివర మొదటి తెర మీద, వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టిన చుట్టంలా ఉండిపోయాయి.

ఇన్ని తెరలూ నీటి విభాగం గదిలోనే ఎందుకు పెట్టారంటే, పొద్దున్నే వచ్చే మనిషి దమయంతి ఒక్కతే కాబట్టి. ఎవరి సూక్తికి ముందు నమస్కారం చేసినా ఆవిడే చెయ్యాలి. మిగతా గుమాస్తాలని వరండాలోకి పంపేశారు. బల్లలు గోడ వెంబడి సాగి, మూల దగ్గర మలుపు తిరిగి, రెండో గోడ పట్టుకున్నాయి. దమయంతికి చక్రాల కుర్చీ ఇచ్చారు. ఆవిడ ఒక అధికారి నుంచి ఇంకో అధికారి దగ్గరికి కాళ్ళతో తోసుకుంటూ దొర్లేది.

బాణం గుర్తుతో పెద్ద చిక్కయిపోయింది. ఎలుకని ఎంత జరిపినా అది ఏ తెర మీద ఉందో కనపడేది కాదు. దమయంతి ఎలుక పట్టుకుని ఇవతల కూర్చుంటే, ఇమ్మానియేలు గది మధ్యలో నిలబడి వెతికేవాడు.

"ఎక్కడుందయ్యా?"

"ఇప్పుడే పన్నుల వారిని దాటిందండి! జరపండి, జరపండి! ఆరోగ్యాధికారి గారి ముక్కు మీదుందండి!"

"ఇంకా?"

"అయ్యో, ఎక్కువ తోసేశారండి! మేనేజరు గారి దగ్గరికెళ్ళిపోయింది!"

దమయంతికి ఒక్కోసారి నవ్వొచ్చేది. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేది. అలా నవ్వుతూ నవ్వుతూనే గడియారం వైపు చూసేది. ఆరున్నర దాటేది.

మెరకవీధిలో ఎవరూ ఆవిడతో మాట్లాడటం లేదు. ఆవిడ వెళ్తుంటే ఖాళీ బిందెలు మాత్రం మాట్లాడేవి, వినపడేలా నేలకేసి కొట్టేవారు. అందరూ పల్లపు వీధికి దిగి, నీళ్ళు పట్టుకుని, మళ్ళీ ఎత్తెక్కాల్సి వస్తోంది. ఒకరోజు మాణిక్యాంబ ఎవరికీ చెప్పకుండా చిన్న బిందె చంకనెత్తుకుని దిగింది. ఎక్కేటప్పుడు కాలు మడత పడింది. నీళ్ళన్నీ వాలు వెంట పారిపోయాయి. ముసలావిడని ఇద్దరు పట్టుకుని ఇంటికి తెచ్చారు.

దమయంతి అత్తగారి చీలమండకి కాపడం పెడుతూ ఏడ్చేసింది. "నేనున్నాను కదా, నేను తెచ్చేదాన్ని కదా అత్తయ్యా!"

"నువ్వు నీళ్ళ ఆఫీసులో పని చేస్తున్నావని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు నీ చేత మోయిస్తే నా మాట ఏమవుతుందే?" అంది మాణిక్యాంబ.

ఆ మాటతో దమయంతికి తెగింపు వచ్చింది. మర్నాడు కమిషనరు గారి గదిలోకి వెళ్ళి చేతులు జోడించింది.

"సార్, పొద్దున్నే ఒక్క నొక్కుకి సెలవివ్వండి. ఒక్కటంటే ఒక్కటి. నీళ్ళు నొక్కేసి, ఆ తర్వాత రోజంతా తమకే దణ్ణం పెడతానండి. మా వీధి వాళ్ళు అల్లాడిపోతున్నారు."

కమిషనరు గారు నొచ్చుకున్నారు. "అమ్మా, నాకు మాత్రం దయ లేదా? కానీ చూడండి, నీరు పల్లానికి పోవడం ప్రకృతి. సందేశం కుడికి పోవడం పరిపాలన. రెంటినీ కలపకూడదు. పైగా మన విధానం ప్రాంతీయ సంచాలకుల వారికి ఎంతో నచ్చింది. మన సర్క్యులరు మీద తామే సంతకం చేసి, ప్రాంతమంతటికీ వర్తింపజేశారు. స్వయంగా చూడటానికి వస్తున్నారు. వారికి తెర సిద్ధం చెయ్యాలి. నాకు కుడి పక్కన!"

సంచాలకులు విరూపాక్షయ్య గారంటే కమిషనరు మీద కమిషనరు. ఆయన తెర కమిషనరు తెరకి కుడి పక్కనే ఉండాలి, అందులో తిరుగు లేదు. అయితే అప్పటికే తెరల వరస గది చుట్టూ తిరిగి గుమ్మం దాకా వచ్చేసింది. గుమ్మానికి ఆ పక్క కమిషనరు గారు. ఈ పక్క, ఎడమ చివరి తెర మీద, మంచినీళ్ళు. మధ్యన ఖాళీ ఉన్నది గుమ్మం ఒక్కటే.

"గుమ్మానికి అడ్డంగా బల్ల పెట్టేద్దామండి. కింద నుంచి వంగి వెళ్ళొచ్చు" అన్నాడు ఇమ్మానియేలు.

"వంగడం మరీ మంచిది. గౌరవంగా ఉంటుంది" అన్నారు కమిషనరు.

గుమ్మానికి అడ్డంగా బల్ల పడింది. దాని మీద పెద్ద తెర వెలిసింది. ఆ కంగారులో ఎవరూ గుండ్రంగా తిరిగి చూసుకోలేదు.

విరూపాక్షయ్య గారిది తెల్లవారుజామున లేచే అలవాటు. ఆకస్మిక తనిఖీ అంటూ, నెల ముందే కబురు చేసి, ఆరు కాకుండా దిగిపోయారు. కమిషనరు గారు నిద్ర కళ్ళతో, పూలగుత్తితో ఎదురెళ్ళారు. సంచాలకుల వారిది భారీ విగ్రహం. ఆయన బల్ల కింద దూరేటప్పుడు ఇమ్మానియేలు వెనక నుంచి కొంచెం ఊతమిచ్చాడు. కమిషనరు గారు పూలగుత్తి నోట కరుచుకుని వెనకాలే పాకారు. లోపల చక్రాల కుర్చీ పక్కన దమయంతి నిలబడి ఉంది. గడియారం వంక చూస్తోంది.

సంచాలకుల వారు చుట్టూ తెరలు చూసి పులకించారు. "అద్భుతం! ఎవరి స్థానంలో వారు. నాదేది?"

"ఇదిగోనండి, అన్నిటికన్నా కుడివైపు!" అని కమిషనరు గారు చూపించారు.

పెద్ద తెర మీద సంచాలకుల వారి సూక్తి ధగధగా మెరిసిపోతోంది. ఆయన తన వాక్యాన్ని తానే రెండుసార్లు చదువుకుని, తల పంకించి, చూపు అలా కొంచెం కుడికి తిప్పారు. అక్కడ ఇంకో తెర ఉంది.

"ఇదెవరిది?"

కమిషనరు గారు నోరు తెరిచారు. అది ఎడమ చివరి తెర అని చెప్పాలనుకున్నారు. కళ్ళెదురుగా అది సంచాలకుల వారికి కుడి పక్కన నిలబడి ఉంది. కాదనడానికి వీల్లేదు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. నాకు కుడి పక్కన కూర్చున్నది ఎవరు?"

"మంచినీళ్ళండి" అంది దమయంతి.

"ఏ గ్రేడు?"

బయట నుంచి ఇమ్మానియేలు "తెలీదండీ, ముందు నుంచీ ఉన్నారండి" అన్నాడు.

విరూపాక్షయ్య గారు నిబంధనకి కట్టుబడ్డ మనిషి. "గరుడాచలం గారూ, కుడి తెర మీద ఉన్నవారు పెద్దలని రాసింది మీరు. దాని కింద సంతకం పెట్టింది నేను. నా సంతకాన్ని నేనే దాటితే రేపు అటెండరు కూడా దాటుతాడు. కాబట్టి వీరు నాకు పెద్దలే. వీరికి సమాధానం ఇవ్వందే మనం ఏ తెర మీదా చేయి వేయడానికి వీల్లేదు." అని చొక్కా సర్దుకుని, మంచినీళ్ళ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కమిషనరు గారు కూడా కట్టుకున్నారు.

"ఏమని సెలవిస్తున్నారమ్మా వారు?"

దమయంతి తెర మీది ప్రశ్న చదివింది. "మెరకవీధి వాల్వు తెరవాలా, అవునా కాదా అని అడుగుతున్నారండి."

"పెద్దలు అడుగుతుంటే కాదనడానికి మనమెవరం! అవును అనండి. కుడి చేత్తో నొక్కండి, కుడి చేత్తో!"

నొక్కింది. ఎన్నాళ్ళయిందో వేళకి ఆ నొక్కు నొక్కి! కళ్ళు చెమర్చాయి, నవ్వు ఆగలేదు. బల్ల కింద నుంచి దూరి బయటపడేసరికి ఫోను మోగింది.

"ఒసేయ్ అమ్మాయ్, నీళ్ళే! ధారే! వీధి వీధంతా బిందెలే!" అని మాణిక్యాంబ అరుపు. వెనకాల "దమయంతి నొక్కిందర్రా!" అని ఎవరెవరివో కేకలు. దమయంతి వరండాలో అందరి ముందూ చిన్నపిల్లలా గంతేసింది. ఇంటికెళ్ళేసరికి అలిగిన ఆడవాళ్ళందరూ గుమ్మంలో ఉన్నారు. ఒకావిడ పులిహోర తెచ్చింది, ఇంకో ఆవిడ తల్లో పువ్వులు పెట్టింది.

అక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేది! కానీ సంచాలకుల వారు ఊరికి వెళ్ళి ఊరుకోలేదు. ఉత్తర్వు పంపారు. "వెదుళ్ళపట్నం మునిసిపాలిటీయందు మంచినీరు, ప్రాంతీయ సంచాలకులకు కుడివైపున ఆసీనమై ఉండుట తనిఖీలో నిర్ధారణ అయినందున, సదరు మంచినీటికి అదనపు రాష్ట్ర సంచాలకుల హోదా కల్పించడమైనది. హోదాకు తగిన నివాసము, అటెండరు, నామఫలకము తక్షణమే ఏర్పాటు గావించవలెను."

తన ఉద్యోగం ఊడుతుందేమోనని మూడు రాత్రులు నిద్రపోని కమిషనరు గారికి ఇది చదివి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిబ్బందిని సమావేశపరిచారు. "అయ్యగారికి ఇల్లెక్కడ చూద్దాం?"

దమయంతి బుర్రలో దీపం వెలిగింది. అధికారులుండే ఇళ్ళకి రాత్రీ పగలూ నీళ్ళొస్తాయి. అది రాయకపోయినా అందరికీ తెలిసిన నిబంధన. "మెరకవీధిలో మా పక్కిల్లు ఖాళీగా ఉందండి. గాలీ వెలుతురూ బాగుంటాయి. పెద్దవారికి ఎత్తు మీద ఉంటేనే గౌరవం కదండీ" అంది. ఇంతకన్నా తెలివైన మాట తన జన్మలో అనలేదనుకుంది.

కమిషనరు గారు చప్పట్లు కొట్టారు.

వీధికి పైపు వెయ్యాలంటే వెదుళ్ళపట్నంలో రెండు మూడు ఎన్నికలు దాటాలి. అధికారి ఇంటికైతే రెండు మూడు రోజులు చాలు. పెద్ద ట్యాంకు నుంచి నేరుగా, మెరకవీధి పక్కింటిదాకా, ఏనుగు తొండమంత పైపు వేశారు. మేడ మీద ట్యాంకు కట్టారు. గోడలకి సున్నం, గేటుకి ఆకుపచ్చ రంగు, గేటు మీద "మంచినీరు, అదనపు రాష్ట్ర సంచాలకులు" అని ఇత్తడి పలక. గృహప్రవేశానికి కమిషనరు గారు శాలువా తెచ్చి ట్యాంకుకి కప్పారు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఇంక జన్మలో నీళ్ళ కరువుండదని దమయంతి అందరికీ పేరుపేరునా చెప్పింది. మాణిక్యాంబ కుంటుతూనే వచ్చి, ట్యాంకు వైపు దణ్ణం పెట్టింది.

ఆ రాత్రి ట్యాంకు నిండుతున్న చప్పుడు వింటూ దమయంతి హాయిగా నిద్రపోయింది. ఇంక పొద్దున్నే పరుగెత్తి నొక్కాల్సిన పని కూడా లేదు.

తెల్లారి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. వీధిలో ఎవరికీ రాలేదు. ఆఫీసుకి ఫోను చేస్తే కమిషనరు గారే స్వయంగా పలికారు. "అమ్మా, అంత హోదా గలవారు వీధి కుళాయిల్లో తిరగడం ఏం మర్యాద? మీ వీధి వాల్వు శాశ్వతంగా మూయించేశాను. ఎవరికైనా పనుంటే వారే వెళ్ళి దర్శనం చేసుకుంటారు."

దమయంతి బయటికొచ్చింది. ఆకుపచ్చ గేటు ముందు మెరకవీధి ఆడవాళ్ళందరూ బిందెలతో వరస కట్టి ఉన్నారు. అందరికన్నా ముందు మాణిక్యాంబ. గేటు పక్కన స్టూలు మీద సత్తిబాబు, కొత్తగా వేసిన అటెండరు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు కుదరదండి. అయ్యగారు ఎవర్నీ చూడటం లేదండి."

"లోపల పొర్లుతున్న చప్పుడు వినపడుతోంది కదయ్యా!" అంది మాణిక్యాంబ.

"ఆయ్. స్నానం చేస్తున్నారండి."

"మంచినీళ్ళు స్నానం చెయ్యడమేంటయ్యా, నీ మొహం!"

"పెద్ద ఉద్యోగం కదండీ. స్నానమయ్యాక పూజండి. పూజయ్యాక క్యాంపుకెళ్ళిపోతారండి. సోమవారం గ్రీవెన్సుకి రండి, నా మాట మీద ఓ చెంబుడు ఇప్పించడానికి చూస్తాను."

దమయంతి వరస తోసుకుని ముందుకొచ్చింది. "సత్తిబాబూ, నేనయ్యా, నీటి విభాగం దమయంతిని."

సత్తిబాబు సగం లేచాడు. "ఎరుగుదునండి మేడమ్. ఏ పని మీద వచ్చారని చెప్పమంటారండీ?"

లోపల ట్యాంకు నిండి, శాలువా తడుపుకుంటూ, పెరటి గోడ అవతలి కాలవలోకి నీళ్ళు పారిపోతున్నాయి. మాణిక్యాంబ కోడలి మొహం చూసింది, ఇత్తడి పలక చూసింది, బిందె చంక మార్చుకుంది.

"అమ్మాయ్, ఈయన్ని మళ్ళీ మంచినీళ్ళని చెయ్యాలంటే ఎవరికి అర్జీ పెట్టుకోవాలే?"